అగ్గిపెట్టంత బొమ్మకు మార్కులు ఎట్లా వేస్తారు?

పోయిన ఏడాది మన శాఖ పెట్టిన చిన్న బొమ్మల పోటీలో నాకు ఏ బహుమతీ రాలేదు. పదకొండు రాత్రులు కూర్చొని మదురై మీనాక్షమ్మ గోపురం గీసినాను. అంతస్తు అంతస్తుకీ బొమ్మలు, ఒక్కోదానికి కళ్ళు కూడా. మొదటి బహుమతి మాత్రం ఒక నల్లకోడికి వచ్చింది. పసుపు నేల మీద ఒంటరి కోడి, అంతే! ఆ రోజు కోవిల్పట్టి బస్సులో ఇంటికి పోతూ, ఇక కుంచె పట్టేది లేదనుకున్నాను.

ఈ ఏడాది పోటీలో దిగలేదు. మార్కులు కూడే పని నాకిచ్చినారు. ముగ్గురు న్యాయనిర్ణేతల పక్కన ఒక పూట కూర్చున్నాక తెలిసింది, పోయినసారి నా బొమ్మ ఎందుకు ఓడిందో. మీలో చాలామందికి ఇదే అనుమానం ఉంటుంది కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మొదట కొలత సంగతి. మన పోటీకి కొలత అగ్గిపెట్టె మీది లేబుల్. సుమారు 5 సెంటీమీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు. ఈ ఊళ్ళకి ఇంతకన్నా తగిన కొలత లేదు. 1920ల మొదట్లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చి శివకాశిలో మొదలుపెట్టినారు. ఆ పని సాత్తూరు, కోవిల్పట్టి దాకా పాకింది. పెట్టె మీద అతికించే కోడి, ఏనుగు, తామర కూడా చిన్న బొమ్మలే కదా!

బయటి దేశాల్లో కొలత ఇంకో రకం. లండన్‌లో చిన్న బొమ్మల చిత్రకారుల సంఘం 1896 నుంచీ ఉంది. అట్లాంటి సంఘాలు చాలావాటిలో ఆరో వంతు నియమం పాటిస్తారు. అంటే నిజం తల తొమ్మిది అంగుళాలుంటే బొమ్మలో ఒకటిన్నర అంగుళం దాటకూడదు. ఇంకో తమాషా ఏమంటే, మినియేచర్ అన్న మాట పుట్టింది చిన్నదనం నుంచి కాదు. పాత లాటిన్‌లో మినియం అంటే సిందూరం. చేతిరాత పుస్తకాల్లో ఆ ఎర్ర రంగుతో అలంకరించే పనికి ఆ పేరు వచ్చింది. బొమ్మలు చిన్నవి కాబట్టి తరవాత ఆ మాటకు చిన్నది అన్న అర్థం అతుక్కుంది.

ఇక మార్కులు. పేర్లు కనబడకుండా అట్ట వెనక నంబరు మాత్రమే ఉంటుంది. కొలత మించినా, ముందువైపు సంతకం ఉన్నా బొమ్మ పక్కకు పోతుంది. మిగిలినవాటికి నూరు మార్కులు నాలుగు గళ్ళలో: దూరం చూపుకు 25, కుంచె పనికి 30, రంగూ వెలుగూ 20, సొంత ఆలోచన 25. ముగ్గురూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా వేస్తారు. ఏ గడిలోనైనా ఇద్దరి మధ్య పది మార్కులకు మించి తేడా వస్తే కూర్చొని మాట్లాడుకోవాలి.

దూరం చూపు అంటే, బొమ్మలన్నీ బల్ల మీద వరసగా ఆనించి, ఆరడుగుల దూరంలో నిలబడి చూడటం. ఒక్కోదానికి అయిదు సెకండ్లు. ఏముందో తెలిసిందా, కన్ను ఎక్కడ ఆగింది? అంతే. తరవాతే భూతద్దం. గీత లావు ఒకే తీరుగా ఉందా, రంగు గడ్డ కట్టిందా, పక్క రంగులోకి పాకిందా, పెన్సిల్ గీత కనబడుతోందా, వెలుగు ఒకే దిక్కు నుంచి వస్తోందా అని వెతుకుతారు.

మధ్యలో టీ తాగేటప్పుడు మేడమ్‌ని అడిగి, బీరువాలోంచి నా పాత గోపురం తీయించి బల్ల మీద పెట్టినాను. ఆరడుగుల దూరం నుంచి చూస్తే మట్టిరంగు మరక. నిజంగా మరకే! పక్కన పెట్టిన కోడి మాత్రం కూతకు సిద్ధంగా ఉంది. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు నా మొహం చూసి, "ఎన్ని రాత్రులు మేలుకున్నావో అట్ట మీద రాసుండదు గదమ్మా" అన్నారు. కోపం రాలేదు. భూతద్దంలో చూసి, "చెయ్యి మాత్రం మంచి చెయ్యి" అని కూడా ఆయనే అన్నారు.

అప్పుడే ఆయన కొండయ్య రాజు గారి మాట ఎత్తినారు. ఆ పేరు వింటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మనవాడే అంటారు. సి. కొండయ్య రాజు (1898–1976) మద్రాసులో చిత్రకళ చదువుకొని, నాటక కంపెనీలకు తెరలు గీసి, చివరికి కోవిల్పట్టిలో స్థిరపడినారు. ఆయనా, శిష్యులు టి.ఎస్. సుబ్బయ్య, టి.ఎస్. అరుణాచలం, ఎం. రామలింగం వంటివారూ గీసిన దేవుళ్ళు శివకాశి క్యాలెండర్లలో అచ్చయి ఇంటింటి గోడా ఎక్కినారు. మాస్టారు చెప్పిందేమంటే, నాటకం తెర చివర కూర్చున్నవాడికీ తెలియాలి, క్యాలెండర్‌లో దేవుడి కన్ను ఎదురుగా నిలబడి దండం పెట్టేవాళ్ళకి కనబడాలి. ఆయనకి రెండు దూరాలూ తెలుసు. చిన్న బొమ్మకి కావలసిందీ అదే.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ఒక అట్ట మీద గజలక్ష్మి. కుంచె పనికి ముగ్గురూ 28 వేసినారు, అంత సన్నటి పని. కానీ అది పాత క్యాలెండర్ బొమ్మకి అచ్చంగా నకలు. సొంత ఆలోచన గడిలో ఒకరు 18, ఒకరు 2 వేసినారు. అరగంట వాదన జరిగింది. చూసి గీయడమే కదా శిక్షణ, శిష్యులు గురువు బొమ్మ చూసే నేర్చుకుంటారు కదా అని ఒకరు. నేర్చుకునేది వేరు, పోటీకి తెచ్చేది వేరు, ఎక్కడినుంచి తీసుకున్నామో అయినా చెప్పాలి కదా అని ఇంకొకరు. చివరికి 8 దగ్గర ఆగినారు. మొత్తం 73. మూడో బహుమతికి 76 వచ్చింది. గజలక్ష్మి నాలుగోది.

గళ్ళు లేకుండా గంపగుత్తగా మార్కులేస్తే ఆ బొమ్మ మొదటిదైనా అయ్యేది, దొంగబొమ్మ అని పక్కకైనా పోయేది. గళ్ళు ఉన్నందువల్ల చెయ్యి గొప్పదే, ఆలోచన అరువుది అని రెండూ చెప్పగలిగినారు.

నంబరు తిప్పితే మొదటి ఏడాది పిల్ల. ఫలితం నేనే చెప్పాల్సి వచ్చింది. "క్యాలెండర్ చూసి ఎందుకు గీసినావే?" అంటే, "మా ఇంట్లో ఉండే బొమ్మ అదొక్కటే అక్కా" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల ఇంటి ముందు ఏముందో అడిగినాను. వాళ్ళమ్మ అగ్గిపుల్లల కట్టలు పేరుస్తుందంట. వచ్చే ఏడాదికి అది గీయమన్నాను.

బయట కొన్ని పోటీల్లో ఇంకో పద్ధతి ఉంది. వేలెడంత సైనికుల బొమ్మలకు రంగులేసే పోటీలు అక్కడ పెద్ద ఎత్తున జరుగుతాయి. ఇంగ్లండులో 1987లో మొదలైన గోల్డెన్ డీమన్ వాటిలో పేరున్నది. దానిలో మన మాదిరే మొదటి, రెండో, మూడో స్థానాలు. ఇంకొన్నిచోట్ల మాత్రం ఒకరితో ఒకరిని పోల్చరు. ప్రతి బొమ్మనీ ఒక స్థాయితో పోల్చి బంగారం, వెండి, కంచు ఇస్తారు. అయిదుగురు ఆ స్థాయి అందుకుంటే అయిదుగురికీ బంగారమే. అట్లా అయితే 73 చేత్తో వట్టిగా ఇంటికి పోదు.

మేడమ్‌ని రెండు అడిగినాము. వచ్చే ఏడాది నుంచి ఈ స్థాయి పద్ధతి పెట్టమని, ప్రతి బొమ్మ వెనకా గళ్ళ మార్కులూ రెండు వాక్యాలూ రాసి తిరిగి ఇమ్మని. రెండింటికీ సరేనన్నారు. పోయిన ఏడాది నాకు ఆ రెండు వాక్యాలు దొరికుంటే ఒక ఏడాది కుంచె మూలన పడేది కాదు.

మీరు బొమ్మ ఇచ్చే ముందు ఒక పని చేయండి. గోడకి ఆనించి, ఆరడుగులు వెనక్కి జరిగి, అయిదు లెక్కపెట్టండి. ఏముందో తెలిస్తేనే కళ్ళూ, నగలూ దిద్దండి. నేను కూడా ఈసారి గోపురం వదిలేసి, దాని మీద వాలిన ఒక్క చిలకను గీస్తున్నాను.