గట్టు తగాదాలో ఎదురు దావా

చీపురుపల్లి దగ్గర మా పొలం గట్టుని మేమే జరిపామంటూ పక్క రైతు ఇంజంక్షన్ దావా వేశాడు. నిజానికి మా నాలుగు సెంట్లే అతని చేలో కలిసిపోయాయి. సమన్లు చూసి నాన్న, "మనదే పోయి, మళ్లీ మనమే ముద్దాయిలమేట్రా?" అన్నాడు.

ప్లీడరు గారు కాగితాలు చదివి, "వట్టి జవాబు దావా వేస్తే, గెలిచినా మీ చేతికి సెంటు భూమి రాదు. అందులోనే కౌంటర్ క్లెయిమ్ పెడదాం" అన్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరు 6ఎ రూలు ఇచ్చిన హక్కట అది, 1976 సవరణతో వచ్చింది. వేరే కేసు అక్కర్లేదు గానీ, కోర్టు ఫీజు మాత్రం విడిగా కట్టాల్సిందే. (అక్కడ నాన్న మొహం చూడాలి!)

నాన్చితే మాత్రం కష్టం. జవాబు దావాకి గడువు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90. ఆ తర్వాత కౌంటర్ క్లెయిమ్ అంటే జడ్జిగారి ఇష్టం. ఇష్యూలు ఖరారయ్యాక ఇక కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

కోర్టు కమిషనర్ సర్వేయరుతో వచ్చి కొలిపించిన వారానికే, దావా వెనక్కి తీసుకుంటానని పక్క రైతు కబురంపాడు. "హమ్మయ్య, అయిపోనాది" అన్నాడు నాన్న. ప్లీడరు గారు నవ్వి, "అతని దావా పోయినా మనది నడుస్తుంది పెద్దాయనా" అన్నారు.

వచ్చే వాయిదాకి నాన్న ఇప్పుడే పాసుపుస్తకం సంచిలో సర్దేశాడు.