నిద్రపరీక్షలో చెమట అలలు

వేసవిలో తిరుపతి, చిత్తూరులలో రాత్రివేళ కూడ ఉక్క వీడదు. అట్టి రాత్రి నిద్రపరీక్ష జరిపినచో రోగి చెమట సైతము గీతలు గీయును! మెదడు విద్యుత్తును గ్రహించుటకు తలకు అంటించిన ఎలక్ట్రోడు బిళ్ళను చెమటలోని ఉప్పు సోకగా, సెకనుకు ఒకటికన్న తక్కువగా ఊగు పెద్ద అలలు పుట్టును. గాఢనిద్రలో మెదడు పుట్టించు అలలును మందమైనవే: సెకనుకు 0.5 నుండి 2 వరకు, ఎత్తు 75 మైక్రోవోల్టులకు పైన. ఒకదానిని మరియొకటిగా భ్రమించినచో, రాత్రంతయు కలతనిద్రతో బాధపడిన వానికి గాఢనిద్ర పట్టినదని వ్రాసి పంపుదుము.

మరి పోల్చుట ఎట్లు? తలగడకు ఆనిన వైపు గీతలు మాత్రమే ఊగుచున్నచో చెమటను అనుమానింపవలెను. పరికరములోని ఫిల్టరును బిగించి అణచుట సులభమే కాని, దానితో నిజమైన గాఢనిద్ర అలలును తుడిచిపెట్టుకొని పోవును. పంకా వేసి, గది చల్లబరచి, చర్మము తుడిచి బిళ్ళను మరల అంటించుటయే మేలు.