పుటల వరుస, అంకెల లెక్క

మహేంద్రతనయా తీరమందలి పాతపట్నము మీదుగా పోవు రైలుదారి, 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుండి తమ పట్టణము వఱకు వేయించిన చిన్నబండి మార్గమే. కాలక్రమమున గుణుపూరు దాక సాగి, నేడు బ్రాడ్‌గేజి యైనది. పాతపట్నము స్టేషనులో నిలిచిన ప్రయాణికునకు ఇటు టెక్కలి, అటు పర్లాకిమిడి, కొనల నౌపడా గుణుపూరులు తెలిసిన జాలును. నడుమనున్న చిన్న స్టేషనుల నన్నిటిని ఏకరువు పెట్ట నక్కఱలేదు. వందలకొలది రచనలను వర్డ్‌ప్రెస్సులో నిలుపువారు పుట యడుగున అమర్చుకొను లంకెల వరుసకును ఇదియే న్యాయము.

పుటకు పదేసి చొప్పున 237 రచనలున్నచో, శేషించిన యేడింటికిని ఒక పుట నీయవలెను గనుక, 24 పుటలగును. పండ్రెండవ పుటలోనున్న పాఠకునకు అన్ని యంకెలను చూపిన చేతిఫోను తెర చాలదు. కావున పేజినేట్ లింక్స్ అను ప్రమేయము రెండు విలువలను గైకొనును: మిడ్ సైజు అనునది ప్రస్తుతపుటకు ఇరుప్రక్కల నెన్నెన్ని యంకెలు నిలువవలెనో, ఎండ్ సైజు అనునది కొనలయందెన్ని మిగులవలెనో తెలుపును. మనమేమియు చెప్పకున్న అవి వరుసగా 2, 1 అగుటచే, 1, చుక్కలు, 10 నుండి 14, మరల చుక్కలు, 24 అని కన్పట్టును. చిన్న తెరకు మొదటి విలువను 1కి దించుటయే మేలని నా యభిప్రాయము.

తెలుగంకెలపై మక్కువగలవారికిని దారి గలదు. యూనికోడునందు మామూలు సున్నకు 48, తెలుగు సున్నకు 3174 సంకేతసంఖ్యలు. తక్కిన తొమ్మిదియు రెండుచోట్లను అదే క్రమమున వచ్చును గనుక, ప్రతి యంకెకును 3126 కలిపిన 12 అనునది ౧౨ అగును. సంఖ్యలను చూపు ఫిల్టరునకు ఈ కూడికను తగిలించి, చైల్డ్ థీములోని ఫంక్షన్స్ ఫైలులో వ్రాసికొన్నచో మూలథీము మాఱినను చెఱిగిపోదు. అయితే చిరునామాలోని యంకెను ముట్టరాదు; దానిని చదువు నియమములు మామూలు అంకెలనే గుర్తించును.

ఇంతకంటె చిక్కైనది మఱియొకటి. క్రొత్తదానిని మొదట నిలుపు వాడుకచే, నేడొక రచన చేరగానే ప్రతిపుటలోని కడపటిది తరువాతి పుటకు జాఱును. మూడవ పుట చదివి నాలుగవదానికి పోవువానికి చదివినదే మరల నెదురగును. స్థానికచరిత్రవంటి రచనలకు పాతదానిని మొదట నిలిపిన ఈ జాఱుడుండదు. వార్తల కది పొసగదు. అచ్చట పుటసంఖ్యను విడిచి, చదివినవానిలో కడపటిదాని తేదీకి పూర్వపు పదింటిని డేటాబేసు నడుగుట యుక్తము. దానివలన శ్రమయు తగ్గును: ఇరువదినాలుగవ పుట కావలెనన్న 230 వరుసలను దాటి పోవలసిన డేటాబేసు, తేదీల సూచిక యున్నచో, తిన్నగా కావలసిన చోటికే చేరును. కాని యా పద్ధతియందు అంకెల వరుసకు తావులేదు. వెనుకటి పుట, తరువాతి పుట యను రెండు లంకెలే మిగులును.