రహస్యమందు చూచు తండ్రి యిచ్చు ప్రతిఫలము

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి వచ్చి దక్షిణాఫ్రికాలోని నేటాలు రేవును చేరెను. చెఱకు తోటలలో పనిచేయుటకు ఆ దేశమునకు వచ్చిన హిందూదేశపు ఒప్పందపు కూలీలలో మొదటివారు ఆ ఓడలోనే వచ్చిరి. 1911వ సంవత్సరమున ఆ పద్ధతి నిలిచిపోవువఱకు లక్షా యేబదివేలకు మించినవారు అట్లు వచ్చిరి. వారిలో తెలుగువారును అనేకులుండిరి. ప్రతి మనిషికి ఒక నంబరు ఇయ్యబడెను. చిట్టాలో ఆ నంబరున కెదురుగా పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు, దేహముమీది గుర్తులు వ్రాయబడెను. జీతము మొదటి యేట నెలకు 10 షిల్లింగులు. పిమ్మట ఏటికొక షిల్లింగు హెచ్చు.

అయితే ఆ చిట్టాలో చేరని సంగతులును కలవు. అట్లు వచ్చినవారిలో కొందఱు స్వదేశమందే క్రీస్తును నమ్ముకొనినవారు. వారికి తెలుగున బోధించు కాపరి యెవడును లేకున్నను, పని ముగిసిన పిమ్మట కూడుకొని ప్రార్థించుచు, తమకొక బోధకుని పంపవలెనని స్వదేశపు సంఘములను వేడుకొనిరి. తెలుగు బాప్తిస్టు సంఘములవారు ఆ మనవి విని, 1903వ సంవత్సరమున నెల్లూరునుండి జాన్ రంగయ్యగారిని పంపిరి. ఆ డిసెంబరు నెలలోనే కేర్స్నీ తేయాకు తోటయందు తెలుగు బాప్తిస్టు సంఘము స్థాపింపబడెను. రంగయ్యగారు ఆ దేశపు తెలుగువారి మధ్య పరిచర్య చేసి 1915వ సంవత్సరమున ప్రభువునందు నిద్రించిరి. సంఘ చరిత్రలో ఆయన పేరు నిలిచినది, నిలువదగినదే. కాని ఆయన రాకమునుపు ఆ నిప్పు ఆఱిపోకుండ కాచినవారు ఎందఱో కలరు. వారికి సన్మానసభ జరుగలేదు, రాతిపలకమీద పేరు చెక్కబడలేదు. వారి ప్రయాసము వ్యర్థమాయెనా?

కొండమీది ప్రసంగమందు ప్రభువు ధర్మము, ప్రార్థన, ఉపవాసము అను మూడింటినిగూర్చి బోధించుచు, మనుష్యులు చూడవలెనని వీటిని చేయువారు తమ ఫలమును అప్పుడే పొందిరని మూడు మాఱులు హెచ్చరించెను (మత్తయి 6వ అధ్యాయము). గ్రీకు మూలమందు అచ్చట నున్న మాట, ఆ కాలపు రసీదులలో ‘సొమ్ము పూర్తిగా ముట్టినది’ అను భావముతో వ్రాయబడుచుండెడిది. ఈ మాటయొక్క బలమును తోట కూలీకంటె బాగుగా ఎవరెరుగుదురు? జీతము పుచ్చుకొని వేలిముద్ర వేసినవాడు మఱునాడు మరల వెళ్లి అదే జీతమును అడుగజాలడు, లెక్క చెల్లిపోయినది. అట్లే పదిమంది పొగడవలెనని కానుక వేసినవానికి, ఆ పదిమందియు పొగడుటతోనే కూలి ముట్టినది. ప్రభువు వానికి బాకీ లేడు.

ఇది సంఘమునకు చిన్న సంగతి కాదు. కోతపండుగ దినమున కానుకల మొత్తములను పేళ్లతోకూడ గట్టిగా చదువు వాడుక యున్నచోట ఏమి జరుగును? పెద్ద మొత్తము వేసినవాడు తల యెత్తి కూర్చుండును. వానికంటె తక్కువ వేసినవాడు, వచ్చు సంవత్సరము అప్పు చేసియైనను వానిని మించవలెనని తలంచును. పెనిమిటి చనిపోయి, ఒంటరిగా బిడ్డలను పోషించుకొను స్త్రీ, తన చిన్న నాణెము అందఱి యెదుట చదువబడునని సిగ్గుపడి, ఆనాడు గుడికి రాక యింటనే నిలిచిపోవును. దేవాలయపు కానుకపెట్టెయొద్ద అందఱికంటె ఎక్కువ వేసినదని ప్రభువు చెప్పినది అట్టి విధవరాలినిగూర్చియే గదా (మార్కు 12:41-44). ఆమె వేసినవి రెండు కాసులు. ఆమె పేరు సువార్తయందు సహితము లేదు. ప్రభువు మెచ్చుకొనిన స్త్రీని సంఘము సిగ్గుపఱచి దూరము చేసినయెడల, ఆనాటి కానుక ఎంత పెద్దదైనను సంఘమునకు నష్టమే.

గుడి ఊడ్చి దీపము వెలిగించువారు కలరు. జ్వరముతో పడియున్న పొరుగువానియొద్ద రాత్రి మేలుకొని, తెల్లవాఱగనే పనికి పోవువారు కలరు. తల్లి తోటకు పోగా, ఆమె బిడ్డకు తన గంజిలో సగము పోయు అవ్వ కలదు. ఇంత చేసినను ఒక్కరైనను మంచిమాట చెప్పలేదను నొప్పి వారికిని కలుగును. అది పాపము కాదు. కాని గిన్నెడు చన్నీళ్ల ఫలము సహితము పోదని చెప్పినవాడు (మత్తయి 10:42) ఆ గంజిని మఱచునా?

అయినను పరలోక ప్రతిఫలమును కోరువాడు న్యాయమైన కూలిని అడుగగూడదని యెవరైన చెప్పినయెడల, అది వాక్యమునకు విరోధము. మెప్పు వేఱు, న్యాయము వేఱు. చేలు కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదనియు, వారి కేకలు ప్రభువు చెవిని బడినవనియు యాకోబు వ్రాసెను (5:4). పౌలు దాసులకు ప్రభువువలన స్వాస్థ్యము కలుగునని వాగ్దానము చేసి, వెంటనే యజమానులతో, వారికిని పరలోకమందు యజమానుడు కలడు గనుక దాసులయెడల న్యాయముగా నడువుడని చెప్పెను (కొలొస్సయులకు 3:22-4:1). కావున పనిలెక్క తప్పుగా వ్రాయబడినయెడల అడుగవచ్చును, అడుగవలెను. పరలోకమును చూపి కూలివాని నోరు మూయుట సువార్త కాదు.

కడపటి దినమున నీతిమంతులు, ప్రభువా, ఎప్పుడు నీకు ఆహారమిచ్చితిమి, ఎప్పుడు నిన్ను చూడవచ్చితిమని అడుగుదురట (మత్తయి 25వ అధ్యాయము). వారు తమ మేలులకు లెక్క పెట్టుకొనలేదు. లెక్క ఆయనయొద్ద నుండెను. నేటాలు తోటలలో ప్రార్థన నిలుపుకొనినవారికి ఓడ చిట్టాలో నంబరు ఉండెను. పరలోకమందు వారి పేళ్లే వ్రాయబడియున్నవి. వచ్చు కోతపండుగనాడు మూసిన పెట్టెయందు కానుకలు వేయించి, పేళ్లు చదువుట మానిన సంఘమునకు ఆ విధవరాలు తన బిడ్డలతో మరల రాగలదు.