టొయోటా కారు: మగ్గము నుండి మోటారు వరకు

మగ్గము మీద నేత సాగుచుండగా పడుగులో ఒక పోగు తెగినదనుకొందము. నేతగాడు దానిని వెంటనే చూచి, మగ్గము నాపి, ముడివేసినచో బట్టకు హాని లేదు. చూడక నేత సాగించినచో తెగిన చోటి నుండి బట్ట పొడవునా గీత పడును. ఆ తరువాత ఎంత నేర్పుతో నేసినను అది మేలిబట్ట కాజాలదు. చీరాలలో గాని, పోచంపల్లిలో గాని చేనేత ఇంట పుట్టిన వారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

మోటారు కారును గూర్చి చెప్పబూని మగ్గమును ముందు పెట్టుట వింతగా తోచవచ్చును. కాని నేడు ప్రపంచమున అన్నిటికంటె ఎక్కువ కార్లు అమ్ముచున్న టొయోటా కంపెనీ పుట్టుక ఈ తెగిన పోగులోనే కలదు. ఆ కారు నమ్మదగినదను పేరు ఎట్లు వచ్చినదో, ఆ పేరునకు ఒకప్పుడు మచ్చ ఎట్లు పడినదో తెలిసికొనుటకు కూడ ఈ పోగే మనకు దారి చూపును.

సకిచి టొయోడా 1867లో మధ్య జపానులోని యమగుచి అను పల్లెలో ఒక వడ్రంగి ఇంట జన్మించెను. ఆ ప్రాంతమున స్త్రీలు ఇంటింట చేతిమగ్గములపై నేయుచుండిరి. తల్లి పడు శ్రమను కన్నులార చూచిన సకిచి, తండ్రి నేర్పిన కొయ్యపనిని మగ్గమును బాగుచేయుటకే వినియోగించెను. 1891లో చేతిమగ్గమునకు తొలి పేటెంటు పొందెను. అయిదేండ్ల తరువాత ఆవిరి బలముతో నడచు మగ్గమును నిర్మించెను. 1924లో వెలువడిన ఆయన స్వయంచాలక మగ్గము ఈ కృషికంతటికి శిఖరము. నాడెలో నూలు అయిపోయినచో మగ్గము ఆగకుండనే మరియొక నాడె వచ్చి చేరును. పడుగులో పోగు తెగినచో మగ్గము తనంతట తానే ఆగిపోవును. కాపలా కాయవలసిన పని తప్పినందున ఒక్క మనిషి అనేక మగ్గములను చూచుకొనగలిగెను.

యంత్రమునకు వేగము నేర్పిన వారు లోకమున పెక్కుమంది కలరు. సకిచి యంత్రమునకు ఆగుట నేర్పెను. లోపము కనబడినచోట పనిని ముందుకు సాగనీయని ఈ పద్ధతికి జపానువారు జిడోకా అని పేరు పెట్టిరి. యంత్రమునకు మనిషి వివేకమును జోడించుట అని దాని భావము.

1929లో ఇంగ్లండునందలి ఓల్డుహాము పట్టణపు ప్లాట్ సోదరుల కంపెనీ, ఈ మగ్గము హక్కులను లక్ష పౌనులకు కొనుటకు ఒడంబడిక చేసికొనెను. లంకషైరు మిల్లుబట్ట మన నేతగాండ్ర నోటికూడు లాగికొన్న సంగతి మనమెరుగుదుము. ఆ లంకషైరే మగ్గపు విద్యను ఒక ఆసియా వడ్రంగి కుమారుని వద్ద కొనవలసివచ్చినది. మరుసటి సంవత్సరమే సకిచి కాలధర్మము చెందెను.

సకిచి కుమారుడు కీచిరో టోక్యో విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము చదివినవాడు. ఆయన 1933లో మగ్గముల కార్ఖానాలోనే మోటారు శాఖను తెరచెను. ఆ నాడు జపాను వీధులలో తిరుగుచున్నవి చాలవరకు ఫోర్డు, జనరల్ మోటార్సు కంపెనీల బండ్లు. 1935లో వెలువడిన టొయోడావారి తొలి లారీలు తరచుగా దారిలో చెడిపోయెను. కంపెనీ ఇంజనీరులు తామే వెళ్ళి వానిని బాగుచేసి, ఏ భాగము ఎందుకు విరిగినదో తెలిసికొని వచ్చి, తరువాతి లారీలలో దానిని సరిదిద్దుచుండిరి. నేడు చెడిపోని బండి యని పేరు మోసిన కారు చరిత్ర చెడిపోయిన బండ్లతోనే మొదలైనదన్న మాట. మొదటి బండి యజమానులే కంపెనీకి మొదటి గురువులు.

టొయోడా అను ఇంటిపేరునకు సారవంతమైన వరిమడి అని అర్థము. 1936లో కంపెనీవారు తమ గుర్తు కొరకు ప్రజలలో పోటీ నడిపి, పలుకుటకు తేలికగా నుండునని టొయోటా అను రూపమును ఎన్నుకొనిరి. జపాను లిపిలో దీనిని వ్రాయుటకు ఎనిమిది గీతలు పట్టును. ఎనిమిది వారికి శుభసంఖ్య. 1937లో ఆ పేరుతోనే కంపెనీ ఏర్పడెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము కంపెనీ దివాలా అంచునకు చేరెను. పనివారిని తొలగింపనని కీచిరో మాట ఇచ్చియుండెను. ఆ మాట నిలుపుకొనుట సాధ్యము కాలేదు. 1950లో రెండు మాసములు సమ్మె సాగెను. వేయిమందికి పైగా పని వదలి వెళ్ళిరి. జరిగినదానికి బాధ్యత వహించి కీచిరో జూను మాసమున అధ్యక్షపదవికి రాజీనామా ఇచ్చెను. అదే మాసమున కొరియా యుద్ధము మొదలుకాగా, అమెరికా సైన్యము లారీలకు ఆర్డరులిచ్చినందున కంపెనీ బ్రదికినది. కీచిరో మరల పదవి చేపట్టకుండగనే 1952లో కన్నుమూసెను.

ఈ కష్టకాలముననే మగ్గపు పాఠము మోటారు కార్ఖానాలో వేరూనినది. తాయిచీ ఓనో అను ఇంజనీరు తొలుత టొయోడావారి నూలుమిల్లులో పనిచేసి, 1943లో మోటారు కార్ఖానాకు వచ్చినవాడు. మిల్లులో ఒక్కరు అనేక యంత్రములను చూచుకొనుట ఎరిగిన ఆయనకు, మోటారు కార్ఖానాలో ఒక్కొక్క యంత్రము వద్ద ఒక్కొక్కరు నిలుచుండుట దుబారాగా తోచెను. ఆయన కాలమున రూపొందిన పద్ధతులు రెండు. మొదటిది, ఏ భాగము ఎప్పుడు ఎంత కావలయునో అప్పుడు అంతే తయారుచేయుట. అమెరికా సూపరుమార్కెట్లలో కొన్న సరుకు మేరకే బల్లలను మరల నింపుదురని విని ఆయన ఈ ఊహకు బలము చేకూర్చుకొనెను. రెండవది, లోపము చూచిన కార్మికుడెవడైనను పనిని ఆపించుటకు అధికారము కలిగియుండుట.

ఈ రెండవదానిని కొంచెము వివరింపవలసియున్నది. కార్లు వరుసగా కదలుచుండగా, కార్మికులు ఒక్కొక్క భాగమును బిగించుచుందురు. వారికి అందుబాటులో ఒక త్రాడు వ్రేలాడుచుండును. మర సరిగా బిగియలేదని తోచినచో కార్మికుడు త్రాడు లాగును. దీపము వెలుగును, పైవాడు వచ్చి చూచును. ఆ కారు తన చోటు దాటులోపల లోపము సరికానిచో వరుస ఆగిపోవును. ఇతర కార్ఖానాలలో వరుసను ఆపుట పెద్ద తప్పుగా నెంచబడుచుండగా, ఇచ్చట లోపము కనబడియు ఆపకుండుట తప్పాయెను.

ఆపిన తరువాత కారణమును వెదకుటలో ఓనో అయిదు మారులు ఎందుకని అడుగుమనెడివాడు. యంత్రమేల ఆగినది? ఫ్యూజు కాలినది. ఏల కాలినది? ఇరుసునకు నూనె చాలక భారము పెరిగినది. నూనె ఏల చాలలేదు? పంపు సరిగా తోడుట లేదు. ఏల తోడదు? దాని ఇరుసు అరిగినది. ఏల అరిగినది? నూనెకు వడపోత లేక ఇనుపరజను లోనికి పోయినది. మొదటి జవాబుతో తృప్తిపడినవాడు ఫ్యూజు మార్చి వెళ్ళును. నాలుగు దినములకు అది మరల కాలును. వడపోత అమర్చినవానికే ఆ బాధ తీరును.

పద్ధతి మంచిదైనంత మాత్రమున ప్రతి కారును వెంటనే మెప్పు పొందలేదు. 1955లో జపాను గతుకుల బాటలకు తగినట్లు చేసిన క్రౌన్ కారును 1957లో అమెరికాకు పంపిరి. స్వదేశమున మన్నన పొందిన ఆ కారు అచ్చటి విశాలమైన రహదారులపై వేగమందుకొనలేక, వేడెక్కి, వణకెను. 1958లో అచ్చట అమ్ముడుపోయిన క్రౌన్ కార్లు మూడువందల లోపు. కొలది కాలమునకు కంపెనీవారు ఆ దేశమునకు కార్లు పంపుట నిలిపివేసి, ల్యాండ్ క్రూయిజరు జీపులతో దుకాణములు నడుపుకొనిరి. 1965లో ఆ రహదారులకు తగిన బలముతో కొరోనా కారును తీసికొనిపోయినపుడు కాని ఆదరణ లభింపలేదు. 1966లో వెలువడిన కొరోలా నేటికి 5 కోట్లకు పైగా అమ్ముడుపోయి, ప్రపంచమున అన్నిటికంటె ఎక్కువగా చెల్లిన కారు పేరైనది.

యజమానులలో టొయోటా పేరు సొగసు వలన గాని వేగము వలన గాని ముఖ్యముగా వచ్చినది కాదు. ఉదయము తాళము త్రిప్పిన వెంటనే ఇంజను పలుకును అను నమ్మకము వలన వచ్చినది. రిపేరు షాపు దూరమైన ఆస్ట్రేలియా ఎడారులలోను, ఆఫ్రికా బాటలలోను ల్యాండ్ క్రూయిజరు, హైలక్సు బండ్లను కోరి కొనుటకు కారణమిదియే.

మన ప్రాంతమున ఈ నమ్మకమును తెచ్చినది క్వాలిస్. బెంగుళూరు సమీపమున బిడదిలో స్థాపించిన కార్ఖానా నుండి 2000లో అది వెలువడినపుడు, ఆకారము పాతకాలపుదని కొందరు పెదవి విరిచిరి. కాని ఇంటిల్లిపాది ఎక్కి తిరుపతి వెళ్ళి వచ్చిన కుటుంబములును, రేయింబవళ్ళు నడపిన ట్యాక్సీవారును దాని విలువ గ్రహించిరి. 2005లో దానిని నిలిపి ఇన్నోవాను తెచ్చినపుడు, చక్కగా చెల్లుచున్న బండి నేల ఆపిరని నొచ్చుకొన్నవారు పెక్కురు. పాత ఇన్నోవాకు సైతము మంచి ధర పలుకుట నేడు మనమెరిగినదే. యజమానుల మెప్పునకు ఇంతకంటె నిక్కమైన కొలత లేదు. ఏలయన మాటలతో మెచ్చుకొనుట తేలిక, డబ్బుతో మెచ్చుకొనుట కష్టము.

ఇట్టి పేరు గలవారు లోపము బయటపడినపుడు ఎట్లు నడచుకొనిరో చూతము. టొయోటావారు 1989లో లెక్సస్ అను ఖరీదైన కారును అమెరికాలో ప్రవేశపెట్టిరి. కొలది మాసములకే బ్రేకుదీపము మొదలగువానిలో లోపములు కనబడెను. అప్పటికి అమ్మిన సుమారు 8,000 కార్లను వెనుకకు పిలిచిరి. యజమానుల ఇండ్లకు వెళ్ళి కార్లను తెచ్చి, బాగుచేసి, కడిగి, పెట్రోలు నింపి మరల అప్పగించిరి. లోపము వలన పోవలసిన పేరు దాని వలననే పెరిగినది. ఇది త్రాడు లాగిన కథ.

త్రాడు లాగని కథయు కలదు. 2008లో టొయోటా అమ్మకములలో జనరల్ మోటార్సును మించి ప్రపంచమున మొదటి స్థానమునకు వచ్చెను. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కారు వేగము తగ్గక ప్రమాదమునకు లోనై నలుగురు మరణించిరి. కాలిక్రింది చాప యాక్సిలరేటరు పెడలును పట్టివేయుటయే కారణమని తేలినది. కొన్ని కార్లలో పెడలే నొక్కిన చోటి నుండి సరిగా తిరిగి లేవదని కూడ బయటపడినది. లక్షలకొలది కార్లను వెనుకకు పిలువవలసివచ్చెను. 2010 జనవరిలో అమెరికాలో ఎనిమిది రకముల కార్ల అమ్మకము నిలిపిరి. ఎలక్ట్రానిక్ భాగములే దోషకారులని పలువురు అనుమానింపగా, అమెరికా అంతరిక్షసంస్థ ఇంజనీరులు పరీక్షించి అట్టి ఆధారము కనబడలేదని 2011లో తేల్చిరి. కాని నింద అంతటితో తీరలేదు. లోపమును గూర్చి కొనుగోలుదారులను తప్పుత్రోవ పట్టించినట్లు ఒప్పుకొని, 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు చెల్లించెను.

కీచిరో మనుమడు అకియో టొయోడా అప్పుడు కంపెనీ అధ్యక్షుడు. ఆయన 2010 ఫిబ్రవరిలో అమెరికా శాసనసభ సంఘము ఎదుట నిలిచి, తమ పెరుగుదల మితిమీరిన వేగముతో సాగినదనియు, ముందుంచవలసినవి వెనుకబడినవనియు ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. మగ్గమునకు ఆగుట నేర్పిన వంశము అమ్మకముల పరుగులో తాను ఆగుట మరచినదని ఈ మాటల సారము. ఆ మరపు అంతటితో పోలేదు. 2024లో కొన్ని కార్ల ప్రభుత్వపరీక్షలు నియమానుసారము జరుగలేదని కంపెనీ మరల ఒప్పుకొనవలసివచ్చెను.

అయినను టొయోటా కార్లకు గిరాకీ తరుగలేదు. తాత కాలము నుండి ఇంజను మొండిగా పనిచేయుట చూచిన యజమానులు ఒక తప్పును మన్నించిరి. ఇందు మేలును కీడును రెండును కలవు. పేరు కష్టకాలమున కంపెనీని కాపాడును. అదే పేరు కొనువాని కన్నులు కూడ మూయవచ్చును.

కారు కొనుట మన కుటుంబములలో ఏండ్ల పొదుపుతో చేయు పని. ఆ కారులో కూర్చుండువారు మన పిల్లలు, పెద్దలు. కావున పేరు చూచి కొనుట తప్పు కాదు గాని, పేరు చూచి పరీక్ష మానుట తప్పని మేము తలచుచున్నాము. పాతబండి ఎంత పేరున్న కంపెనీదైనను, తెలిసిన మెకానికునకు చూపనిదే బయానా ఈయరాదు. కంపెనీ ఏదేని భాగము మార్చుటకు బండ్లను పిలిచినపుడు, బండి బాగుగనే నడచుచున్నది గదా యని జాబును మడచి పెట్టరాదు. పిలుచు కంపెనీ చెడ్డదని కూడ అనుకొనరాదు. తెగిన పోగును చూచి మగ్గము నాపినవాడే నేతగాడు. గీత పడిన బట్టను మడతలో దాచి అమ్మువాడు వేరు.

సకిచి మగ్గములు నేడు జపానులో నగోయా నగరమున, టొయోటావారి ప్రదర్శనశాలలో కార్ల ప్రక్కనే ఉన్నవి. అచ్చటి సిబ్బంది వానిని నడిపి చూపుదురు. పోగు తెగినపుడు మగ్గము ఆగును. ఆ నిశ్శబ్దములోనే టొయోటా పేరు పుట్టినది. దానిని నిలుపుకొనుట మాత్రము ఏనాటికానాడు చేసికొనవలసిన పని.