పౌరసత్వానికి ఒక్క రోజు తక్కువ!

కిందటేడాది ఓ శనివారం రాత్రి, పదకొండున్నర దాటాక, టొరంటో నుంచి వీడియో కాల్. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు నాతో హాస్టల్ గది పంచుకున్నవాడు. "మామా, 1099 వచ్చింది. రేపు అప్లై చేసేస్తున్నా. ఒకసారి ఆ షీట్‌లో ఫార్ములా కరెక్టో కాదో చూసి పెట్టరా" అన్నాడు. కెనడా పౌరసత్వానికి కావాల్సింది 1095 రోజులు. నాలుగు ఎక్కువే ఉన్నాయి కదా అని వాడి ధీమా.

షీట్ తెరిచి చూశా. ఫార్ములాలో తప్పేం లేదు. కానీ నాకో డౌట్ వచ్చింది. "మరి ఆ న్యూజెర్సీ పెళ్లి ఏదిరా ఇందులో?" అన్నా. అవతల నిశ్శబ్దం. కజిన్ పెళ్లికని గురువారం కారులో అమెరికా వెళ్లి, బుధవారం తిరిగొచ్చాడు. ఫొటోలన్నీ నాకు పంపింది వాడే. పాస్‌పోర్టులో స్టాంప్ పడలేదు, అందుకే షీట్‌లోకీ ఎక్కలేదు. శుక్రవారం నుంచి మంగళవారం దాకా అయిదు రోజులు తీసేస్తే మిగిలింది 1094. సరిగ్గా ఒక్క రోజు తక్కువ!

విదేశాలకు వెళ్లాలనుకునే ప్రతి ఒక్కరూ ఐఈఎల్‌టీఎస్ స్కోరు చూస్తారు, యూనివర్సిటీ ర్యాంకు చూస్తారు, లోన్ ఈఎంఐ లెక్కేస్తారు. ఈ రోజుల లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. మనకే ఎప్పుడో ఏడెనిమిదేళ్ల తర్వాత గుర్తొస్తుంది. నిజానికి ఇది ఫ్లైట్ ఎక్కిన రోజు నుంచే మొదలయ్యే లెక్క. అందుకే ఇప్పుడే తెలుసుకుందాం.

1095 ఎక్కడి నుంచి వచ్చింది?

కెనడాలో పర్మనెంట్ రెసిడెంట్, అంటే పీఆర్ వచ్చినవాళ్లు పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే, ఆ తేదీకి ముందున్న అయిదేళ్లలో కనీసం 1095 రోజులు ఆ దేశంలో ఉండాలి. అంటే మూడేళ్లు. పీఆర్ కార్డు చేతిలో ఉంటే చాలదు, అక్కడ ఇల్లు కొంటే చాలదు, మనిషి అక్కడ ఉండాలి. 2015లో దీన్ని ఆరేళ్లలో నాలుగేళ్లుగా కఠినం చేశారు. 2017 అక్టోబరులో మళ్లీ అయిదేళ్లలో మూడేళ్లకు తగ్గించారు. కాబట్టి సీనియర్లు చెప్పే పాత లెక్కలు అలాగే నమ్మేయకండి, రూల్ మారుతూ ఉంటుంది.

రోజులతో పాటు ఇంకొన్ని ఉన్నాయి. ఆ అయిదేళ్లలో కనీసం మూడేళ్లకు, వర్తించినవాళ్లు, ఆదాయపు పన్ను రిటర్నులు వేసి ఉండాలి. 18 నుంచి 54 ఏళ్ల వాళ్లు ఇంగ్లిషు లేదా ఫ్రెంచి వచ్చని రుజువు చూపాలి, 20 ప్రశ్నల పరీక్షలో 15 సరిగ్గా రాయాలి. ఇవి కష్టపడితే అయిపోయేవి. రోజులు అలా కాదు. రాత్రంతా చదివినా ఒక్క రోజు కూడా పెరగదు!

సగం రోజు సంగతి

ఇక్కడే స్టూడెంట్లకు ఉపయోగపడే పాయింట్ ఉంది. పీఆర్ రాకముందు స్టడీ పర్మిట్ మీదో, వర్క్ పర్మిట్ మీదో చట్టబద్ధంగా ఉన్న ప్రతి రోజూ సగం రోజు కింద లెక్క. అలా గరిష్ఠంగా 365 రోజులు కలుపుకోవచ్చు. అంటే 730 రోజులున్నవాళ్లకీ 365, వెయ్యి రోజులున్నవాళ్లకీ 365.

ఒక ఉదాహరణ వేసుకుందాం. మీరు 2019 సెప్టెంబరు 1న మాస్టర్స్‌కు వెళ్లారు. 2022 జులై 1న పీఆర్ వచ్చింది. మధ్యలో ఎక్కడికీ వెళ్లలేదు. పీఆర్‌కు ముందు రోజులు 1034. సగం చేస్తే 517. కానీ పరిమితి 365 కాబట్టి అంతే తీసుకుంటారు. ఇంకా కావాల్సింది 730. పీఆర్ వచ్చాక 730వ రోజు 2024 జూన్ 29న పూర్తవుతుంది. అంటే పీఆర్ వచ్చిన రెండేళ్లకే దరఖాస్తు చేయొచ్చు.

ఇప్పుడు అదే మీరు పీఆర్ వచ్చాక 40 రోజులు ఇంటికొచ్చి వెళ్లారనుకోండి. మీ తేదీ 40 రోజులు వెనక్కి జరుగుతుంది. అంతే. అర్హత పోదు, మళ్లీ సున్నా నుంచి మొదలవదు. అదే 40 రోజులు పీఆర్‌కు ముందు వచ్చి వెళ్తే? 1034లోంచి 40 పోతే 994. సగం 497. ఇంకా 365 కంటే ఎక్కువే. అంటే ఆ ట్రిప్ వల్ల మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు!

అయితే ఒక జాగ్రత్త. ఆ అయిదేళ్లనేది కదిలే కిటికీ లాంటిది. దరఖాస్తు ఆలస్యం చేసేకొద్దీ వెనకనున్న పాత రోజులు ఒక్కొక్కటిగా కిటికీ అవతలికి జారిపోతాయి. అదనపు రోజులు అయిపోయాక జారిపోయే ప్రతి స్టూడెంట్ రోజుకీ సగం రోజు తగ్గుతుంది. అందుకే లెక్క ఒకసారి చేసి పక్కన పడేసేది కాదు, ఏ తేదీన అప్లై చేస్తున్నారో ఆ తేదీ నుంచి వెనక్కి మళ్లీ లెక్కేయాలి.

ప్రోగ్రామర్లు చేసే తప్పే

కోడింగ్ చేసేవాళ్లకు బాగా తెలిసిన తలనొప్పి ఒకటుంది. లూప్ ఒకటి ఎక్కువో, ఒకటి తక్కువో తిరగడం. ఇక్కడా అదే. డిసెంబరు 10న బయల్దేరి జనవరి 20న తిరిగొస్తే ఎన్ని రోజులు లేనట్టు? క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెడితే 42. తేదీలు తీసివేస్తే 41. సరైన జవాబు 40. ఎందుకంటే వెళ్లిన రోజు, తిరిగొచ్చిన రోజు, రెండూ కెనడాలో ఉన్నట్టే లెక్క. ఫార్ములా సింపుల్: తిరిగొచ్చిన తేదీలోంచి వెళ్లిన తేదీ తీసేసి, ఇంకో ఒకటి తీసేయండి.

మీరు ఎక్కడికి వెళ్లబోతున్నా ఈ నాలుగు అలవాట్లు మొదటి రోజు నుంచే చేసుకోండి.

• ఒక షీట్ పెట్టుకోండి. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, ఎక్కడికి, ఎందుకు. నాలుగు కాలమ్‌లు చాలు. ట్రిప్ అయిన రోజే నింపేయండి.

• తేదీని 2024-06-05 అని ముందు సంవత్సరంతో రాయండి. 05/06 అని రాస్తే మనకు జూన్ 5, అమెరికా పద్ధతిలో మే 6. షీట్ సెట్టింగ్ ఏదైతే దాన్నే నమ్ముతుంది.

• టికెట్ మీద ఉన్న తేదీ కాదు, నిజంగా సరిహద్దు దాటిన తేదీ వేయండి. ఫ్లైట్ లేటై అర్ధరాత్రి దాటితే తేదీ మారిపోతుంది. బోర్డింగ్ పాసులు ఫొటో తీసి దాచుకోండి. పాత పాస్‌పోర్టులు పారేయకండి.

• స్టాంప్ పడని ప్రయాణాలే కొంప ముంచేవి. కారులో నయాగరా అవతలికి వెళ్లొచ్చినా అది ప్రయాణమే. కెనడా, అమెరికా సరిహద్దు వివరాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒక దేశంలోకి అడుగుపెట్టడం రెండో దేశంలోంచి బయటికి వెళ్లినట్టుగా నమోదవుతుంది. మీరు మర్చిపోయినా సిస్టమ్ మర్చిపోదు.

ఇంకోటి, సరిగ్గా 1095 కాగానే పరిగెత్తకండి. కొన్ని రోజులు అదనంగా పెట్టుకుని వేయమని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. రోజులు తక్కువని తిరస్కరిస్తే ప్రాసెసింగ్ ఫీజు వెనక్కి రాదు.

దేశానికో లెక్క

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే అమెరికాలో లెక్క వేరు. అక్కడ గడియారం గ్రీన్‌కార్డు వచ్చాకే మొదలవుతుంది. ఎఫ్‌1 మీద చదివిన ఏళ్లు, హెచ్‌1బీ మీద పనిచేసిన ఏళ్లు ఇందులో కలవవు. గ్రీన్‌కార్డు వచ్చాక సాధారణంగా అయిదేళ్లు ఆగాలి, అందులో కనీసం 30 నెలలు అక్కడే ఉండాలి. ఒకేసారి ఆరు నెలలకు మించి బయట ఉంటే నివాసం తెగిపోయిందేమోనన్న ప్రశ్న వస్తుంది. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల మనవాళ్ల క్యూ చాలా పెద్దది. కాబట్టి ‘అయిదేళ్లే’ అన్న మాట విని మోసపోకండి. ఆ అయిదు మొదలవడానికే ఏళ్లు పడుతుంది.

బ్రిటన్‌లో తిరగేసి లెక్కేస్తారు. ఎన్ని రోజులు ఉన్నారని కాదు, ఎన్ని రోజులు లేరని. సాధారణ దారిలో అయిదేళ్లలో 450 రోజులకు, చివరి ఏడాదిలో 90 రోజులకు మించి బయట ఉండకూడదు. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ల చట్టబద్ధ నివాసం, అందులో చివరి ఏడాది పీఆర్ హోదాలో. మొత్తం మీద 12 నెలలు, చివరి ఏడాదిలో 90 రోజులు దాటి బయట ఉండకూడదు.

పాస్‌పోర్టు మారితే ఏం మారుతుంది?

ఇది ఎమోషనల్‌గా కాదు, ప్రాక్టికల్‌గా చూడండి. మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు అప్పగించాలి. ఓసీఐ కార్డు తీసుకుంటే జీవితాంతం వీసా గోల లేకుండా రావచ్చు, ఉండొచ్చు. కానీ ఓటు ఉండదు, ప్రభుత్వ ఉద్యోగం సాధారణంగా ఉండదు, వ్యవసాయ భూమి కొనలేరు. ‘నాలుగేళ్లు సంపాదించి వచ్చి గ్రూప్స్ రాస్తా’ అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అన్నట్టు, పౌరసత్వం తప్పనిసరేం కాదు. మన పాస్‌పోర్టుతోనే పీఆర్‌గా ఏళ్లకేళ్లు ఉండొచ్చు. కెనడా పీఆర్ నిలబెట్టుకోవడానికి అయిదేళ్లలో 730 రోజులుంటే చాలు. రెండు దారులూ తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక ఒకదాంట్లో పడిపోవడం వేరు.

వాడు రాని ఆ పదిహేను రోజులు

మళ్లీ మావాడి దగ్గరికొద్దాం. ఆ రాత్రి వాడు అప్లై చేయలేదు. నెల రోజులు ఆగి, 1120 దాటాక వేశాడు. ఆ కథ సుఖాంతమే. కానీ ఆ రోజు షీట్ మొత్తం మళ్లీ కూర్చుని చూస్తుంటే ఇంకో విషయం బయటపడింది.

వాడు వర్క్ పర్మిట్ మీద ఉన్నప్పుడు ఊళ్లో వాళ్ల నాయనమ్మ పోయింది. వాణ్ని పెంచింది ఆవిడే. "రోజులు తగ్గిపోతాయి మామా, పదిహేను రోజులు పోతే మళ్లీ ఎప్పుడు పూడుస్తా" అని వాడు రాలేదు. కర్మకాండ ఫోన్‌లోనే చూశాడు. ఇప్పుడు లెక్కేస్తే, కిటికీలో పీఆర్‌కు ముందు రోజులు 900 ఉన్నాయి. కావాల్సింది 730. ఇంకా 170 రోజులు మిగులు. అంటే ఆ పదిహేను రోజులు వచ్చి వెళ్లినా వాడి తేదీ ఒక్క రోజు కూడా జరిగేది కాదు.

నేను చెప్పనా వద్దా అనుకుంటుండగానే వాడే చూసేశాడు. "సున్నానా?" అన్నాడు. "సున్నానే రా" అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇది ఎక్కడైనా రాయి మామా, జూనియర్లకు పనికొస్తుంది" అన్నాడు. అందుకే రాస్తున్నా.

రూల్ తెలియకపోతే రెండు రకాలుగా నష్టపోతాం. ఉన్నాయనుకున్న రోజులు లేక ఒకసారి, లేవనుకున్న రోజులు ఉండి ఒకసారి. మొదటిదైతే నెల ఆగితే సరిపోయింది. రెండోదానికి ఆ అవకాశం లేదు. మీరు వెళ్లండి, బాగా చదవండి, సంపాదించండి. ఫ్లైట్ ఎక్కే ముందు మాత్రం ఫోన్‌లో ఒక షీట్ ఓపెన్ చేసి, మొదటి వరుసలో ఆ రోజు తేదీ వేసుకోండి. ఇంట్లో ఎవరికైనా మీరు కావాల్సి వచ్చిన రోజు, రావాలా వద్దా అన్నది భయంతో కాకుండా లెక్క చూసి చెప్పగలుగుతారు.