ట్రాక్టర్ డీజిల్‌లో నీళ్లు కలిస్తే: సెల్ఫ్ కొట్టకుండా ట్యాంకు ఖాళీ చేసే పద్ధతి

వానాకాలం దమ్ములు మొదలైతే మా కార్యాలయానికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం విత్తనం గురించి, ఎరువుల గురించే ఉంటాయి. అయితే ఏటా నాలుగైదు ఫోన్లు మాత్రం వేరుగా వస్తాయి. "సార్, పొద్దున్నే డీజిల్ పోశాను. అరెకరం తిరిగేసరికి బండి ఆగిపోయింది. ఏం చేయమంటారు?" అని అడుగుతారు. నేను మెకానిక్‌ని కాను. కానీ ముప్పై ఏళ్లుగా పొలాల గట్ల మీద ఆగిపోయిన ట్రాక్టర్లను చూస్తున్నాను కాబట్టి, మీరు చేయగలిగినంత, చేయకూడనంత ఇక్కడ చెబుతాను.

నా పరిధిలోని ఒక గ్రామంలో జరిగిన సంగతి ముందు వినండి. ఒక రైతు పశువుల కొట్టం పక్కన డ్రమ్ములో డీజిల్ నిల్వ పెట్టుకున్నారు. డ్రమ్ము మూత వదులుగా ఉంది. రాత్రి వాన కురిసింది. పొద్దున అదే డీజిల్ ట్యాంకులో పోసి పొలానికి వెళ్లారు. బండి రెండుసార్లు దగ్గి, తెల్ల పొగ వదిలి ఆగింది. ఆయన సెల్ఫ్ కొట్టారు, మళ్లీ కొట్టారు, బ్యాటరీ దిగిపోయేదాకా కొట్టారు. ఆ తర్వాత ఇంకో ట్రాక్టర్‌తో లాగించారు. తర్వాత తీసి చూస్తే ట్యాంకు అడుగున ఉన్న నీళ్లు మూడు లీటర్లు కూడా లేవు. కానీ లాగించడంతో ఆ నీళ్లు ఫ్యూయల్ పంపులోకి, నాజిళ్లలోకి చేరాయి. పంపు పట్నం పంపి బాగుచేయించి తెచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా నారు ముదిరిపోయింది. కిరాయి ట్రాక్టర్లన్నీ ఎవరి పొలంలో వాళ్లవి ఉన్నాయి. మొదటిసారి ఆగినప్పుడే ఆయన చేయి తాళంచెవి మీద నుంచి తీసేసి ఉంటే ఒక పూటలో తేలిపోయే పని అది.

డీజిల్ పంపు లోపలి భాగాలకు వేరే ఆయిల్ ఉండదు, ఆ డీజిలే వాటికి జారుడు ఇస్తుంది. అక్కడికి నీరు చేరితే లోహం లోహాన్ని రాసుకుంటుంది, తుప్పు పడుతుంది. అందుకే అనుమానం వచ్చిన క్షణం నుంచి సెల్ఫ్ కొట్టకండి, లాగించకండి.

నీళ్లే అని ఎలా తెలుస్తుంది?

ఇంజిన్ తడబడుతుంది, బరువు పడగానే దిగిపోతుంది, తెల్ల పొగ వస్తుంది, ఆగితే మళ్లీ అందుకోదు. ఈ గుర్తులకు వేరే కారణాలూ ఉండవచ్చు. కాబట్టి తీసి చూడాల్సిందే. ఫిల్టర్ కింద బౌల్ ఉన్న బండైతే దాని కింది స్క్రూ వదులు చేసి, కారేదాన్ని తెల్లటి ప్లాస్టిక్ సీసాలోకి పట్టండి. అరగంట కదపకుండా ఉంచండి. లీటరు డీజిల్ బరువు దాదాపు 820 నుంచి 840 గ్రాములు, నీళ్లు కిలో. అందుకే నీళ్లు అడుగుకు దిగి గీత గీసినట్టు వేరుగా కనిపిస్తాయి. గీత లేకుండా మొత్తం మసకగా, మజ్జిగ తేటలా ఉంటే నీళ్లు డీజిల్‌లో బాగా కలిసిపోయాయని అర్థం. ఇది ఇంకా చెడ్డది. నల్లటి జిగురు తునకలు కనిపిస్తే ఆ ట్యాంకులో నీరు చాలా రోజులుగా ఉందనుకోండి. నీరు, డీజిల్ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవుల వల్ల ఆ జిగురు వస్తుంది.

ట్యాంకు ఖాళీ చేయడం

బండి పొలంలో ఆగితే తోలించి ఇంటికి తెచ్చుకోండి. గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి. గేరులో పెట్టి లాగితే ఇంజిన్ తిరిగి నీళ్లను మళ్లీ పంపులోకి లాగుతుంది. చదునైన చోట, ఆరుబయట నిలపండి. గడ్డివాము, పొయ్యి, వెల్డింగ్ పని దగ్గరలో ఉండకూడదు. చక్రాలకు రాళ్లు పెట్టండి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. వీలైతే రాత్రంతా కదపకుండా వదిలేయండి, నీరంతా అడుగుకు చేరుతుంది.

డీజిల్ పెట్రోలులా భగ్గుమనదు కదా అని బీడీ ముట్టించేవాళ్లను చూశాను. మన దేశంలో అమ్మే డీజిల్ 35 డిగ్రీలు దాటితే మంటకు అందుకునేంత ఆవిరి వదలవచ్చు. ఎండాకాలంలో మన దగ్గర నీడలోనే 42 డిగ్రీలు ఉంటుంది. ఇక ఎండలో నిలబెట్టిన ఇనుప ట్యాంకు సంగతి మీరే ఆలోచించండి. ఈ పని పొద్దున్నే, చల్లటి వేళలో పెట్టుకోండి. పక్కన ఒక బకెట్ ఇసుక ఉంచండి.

చాలా ట్రాక్టర్లకు ట్యాంకు అడుగున డ్రెయిన్ బోల్టు ఉంటుంది. దాని కింద శుభ్రమైన క్యాను పెట్టి, పానాతో మెల్లగా వదులు చేయండి. మొదట నీరు, మట్టి వస్తాయి. అవి పోయి స్వచ్ఛమైన డీజిల్ వస్తున్నట్టు సీసాలో పట్టి చూసి, బోల్టు బిగించవచ్చు. మసకగా వస్తూనే ఉంటే మాత్రం జాలి పడకండి, మొత్తం తీసేయండి. ఆ తర్వాత రెండు మూడు లీటర్ల మంచి డీజిల్ పోసి, దాన్ని కూడా కార్చేస్తే అడుగున మిగిలిన మడ్డి పోతుంది. బోల్టు వాషర్ నలిగితే కొత్తది వేయండి, పాతదాని మీద టేపు చుట్టకండి.

డ్రెయిన్ బోల్టు లేదని, తుప్పు పట్టి రావడం లేదని కొందరు పైపు పెట్టి నోటితో లాగుతారు. దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. ఒక యువకుడు ఇలాగే లాగి గుటక వేశాడు. ఇంట్లోవాళ్లు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించారు. వాంతితో డీజిల్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. నిమోనియా వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. మనిషిని కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. దగ్గు, ఆయాసం కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేత్తో నొక్కే ప్లాస్టిక్ పంపులు డీజిల్ పైపులు అమ్మే కొట్లలో తక్కువ ధరకే దొరుకుతాయి. ఒకటి కొని ఇంట్లో ఉంచుకోండి.

ఫిల్టర్లు, గాలి తీయడం

ట్యాంకు ఖాళీ చేసి ఫిల్టర్ మార్చకపోతే సగం పనే చేసినట్టు. నీళ్లు తాగిన కాగితపు ఫిల్టర్‌ను డీజిల్‌తో కడిగి మళ్లీ పెట్టే అలవాటు మన దగ్గర ఉంది. కడిగితే కాగితం చిరుగుతుంది, ఆ తర్వాత మట్టి నేరుగా పంపుకు పోతుంది. రెండు ఫిల్టర్లు ఉంటే రెండూ మార్చండి. బౌల్‌ను మాత్రం మంచి డీజిల్‌తో కడగవచ్చు.

తర్వాత పది పదిహేను లీటర్ల మంచి డీజిల్ పోయండి. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండండి. బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించండి. బ్యాటరీ వైరు కలిపి సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టవద్దు. మధ్యలో నిమిషం ఆగండి. మూడు నాలుగు ప్రయత్నాలకు అందుకోకపోతే మెకానిక్‌ను పిలవండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. వాటిలో చాలావాటికి కామన్ రైల్ ఇంజిన్లు ఉన్నాయి. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లకు పైనే. పాత బండికి చేసినట్టు నాజిల్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొడితే, సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంతే కనిపిస్తుంది కానీ వేలు, చెయ్యి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటి బండికి బౌల్ నుంచి నీరు తీయడం వరకే మీ పని. మిగతాది కంపెనీ సర్వీసు వాళ్లకు వదిలేయండి.

కారు ఉన్నవాళ్లూ ఇదే మాట గుర్తుంచుకోండి. కొత్త కార్లకు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, తాళం తిప్పగానే తిరగడం మొదలుపెడుతుంది. డీజిల్ కారులో పొరపాటున పెట్రోలు పోసినట్టు తెలిస్తే అసలు తాళం తిప్పకండి, తోయించి పక్కన పెట్టించండి. పెట్రోలు ఎంత చలిలోనైనా అంటుకునే ఆవిరి వదులుతుంది. కాబట్టి పెట్రోలు కలిసిన ట్యాంకును ఇంటి దగ్గర ఖాళీ చేసే పని పెట్టుకోవద్దు.

తీసిన డీజిల్ ఏం చేయాలి?

బావి గట్టున, కాలువలో, పొలంలో పారబోయకండి. మూత ఉన్న క్యానులో రెండు రోజులు కదపకుండా ఉంచితే నీరు దిగుతుంది. పైన తేటగా తేరిన డీజిల్‌ను ఒత్తైన గుడ్డలో వడకట్టి పాత ఆయిల్ ఇంజిన్‌కు వాడుకోవచ్చు. కామన్ రైల్ బండిలో మాత్రం పోయవద్దు. మసక విడిపోకపోతే దేనికీ వాడకండి. అడుగు మడ్డిని వాడిన ఇంజిన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇవ్వండి. నేల మీద ఒలికితే వరి ఊక చల్లి ఎత్తేయండి.

నిల్వ డ్రమ్ము నీడలో ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి, వాన నీరు మూత చుట్టూ నిలవకుండా కొంచెం వాల్చి పెట్టాలి. జింకు పూత ఉన్న డబ్బాలు డీజిల్‌కు పనికిరావు. డ్రమ్ము అడుగున మూడు అంగుళాలు ఎప్పుడూ వదిలేయండి. సాయంత్రం పని ముగిశాక ట్యాంకు నింపి పెట్టండి, ఖాళీ ట్యాంకులో రాత్రి తేమ నీటి చుక్కలుగా మారి దిగుతుంది.

బంకు డీజిల్ మీదే అనుమానం ఉంటే, ట్యాంకులోంచి తీసిన దానిలో లీటరు శుభ్రమైన సీసాలో పట్టి, ఇద్దరి ఎదుట సీలు వేసి, తేదీ రాసి, బిల్లుతో పాటు దాచండి. సాంద్రత పరీక్ష చేసి చూపించమని బంకులో అడిగే హక్కు మీకు ఉంది. ఆ రోజు అక్కడ రాసిన సాంద్రతకు, పరీక్షలో వచ్చినదానికి ఘనపు మీటరుకు 3 కిలోల లోపే తేడా ఉండాలి. వాళ్లు కాదంటే బంకు బోర్డు మీద ఉన్న ఆయిల్ కంపెనీ నంబరుకు, పౌరసరఫరాల అధికారికి ఫిర్యాదు చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడవచ్చు.